పేరు మన తీరానిది, పడవ ఎవరిది?

చుట్టాల గ్రూపుల్లో ఒక వీడియో మళ్ళీ మళ్ళీ తిరుగుతా ఉంది. తెల్లగా మెరిసే పెద్ద తెరచాప పడవ. నీళ్ళలో రెండు సన్నని దొప్పలు, వాటి మీద ఒక ఇల్లు. లోపల సోఫాలు, వంటగది, నాలుగు పడక గదులు, ప్రతి గదికీ ఒక బాత్‌రూమ్, పైకప్పు మీద సోలార్ పలకలు. దీన్ని కాటమరాన్ అంటారట. అది మన కట్టుమరమేనట. మన పూర్వీకులు కనిపెట్టినదాన్ని తెల్లవాళ్ళు తీసుకుని, ఇప్పుడు కోట్ల రూపాయలకు అమ్ముతున్నారట. అమెరికాలో ఉండేవాళ్ళు, బెంగళూరులో ఉండేవాళ్ళు, ఆలంగుళంలో ఉండేవాళ్ళు, అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ముందుకు పంపుతున్నారు. ఈ మాటను మన కుటుంబ పేజీలో "మన వారసత్వం" కింద పెట్టండి అని కొందరు పెద్దలు అడిగారు కూడా.

పెట్టకూడదు అనేది మా అభిప్రాయం. పెద్దల మాట తీసేయాలని కాదు. ఆ వీడియోలో నిజం ఉంది, కానీ నిజం ఒక చోట ఉంటే గొప్ప ఇంకో చోట చెప్పుకుంటున్నారు. ఆ రెండింటినీ విడదీస్తే మన పిల్లలకు చెప్పుకోదగిన సంగతి ఇంకా పెద్దది దొరుకుతుంది.

ముందు నిజం. ఆ పేరు ఈ తీరానిదే. తమిళంలో కట్టు, మరం. కట్టిన మాను అని అర్థం. మన ఇళ్ళల్లో ఇది ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. తెలుగులో కట్టు కట్టే, మరానికి మ్రాను, మాను ఉన్నాయి. మాలో కన్నడ మీడియంలో చదివినవాళ్ళకు కూడా కట్టు, మర అంటే వెంటనే తెలిసిపోతుంది. మూడు భాషలవాళ్ళకూ నిఘంటువు అవసరం లేని మాట ఇంగ్లీషులోకి వెళ్ళి కూర్చుంది. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో కోరమాండల్ తీరంలో ఈ పేరు విన్నానని రాశాడు. ఆయన చూసింది ఒకటి రెండు తేలిక దుంగలు, దాని మీద ఒక మనిషి, ఆ మనిషి కాళ్ళూ పిర్రలూ ఎప్పుడూ నీళ్ళలోనే. సోఫా లేదు, వంటగది లేదు.

తెలుగు తీరంలో దీన్నే తెప్ప అంటారు. ఈ మాట సముద్రం చూడని మన కరిసల్ కాడు వాళ్ళకూ కొత్త కాదు. విరుదునగర్ బజారు నడుమ ఉండే తెప్పకుళం దాటకుండా ఎవరం సామాన్లు కొనుక్కుని ఇంటికి రాలేదు. మదురైలో తెప్ప తిరునాళ్ళు ఎవరికి తెలియదు? తైపూసం నాడు మీనాక్షి అమ్మవారూ సుందరేశ్వరుడూ అలంకరించిన తెప్ప మీద కూర్చుంటే, గట్టు మీద జనం తాళ్ళు పట్టి లాగుతా తిప్పుతారు. ఆ కుళం తవ్వించింది 17వ శతాబ్దంలో తిరుమల నాయకుడు, మన భాషవాడు. ఒక మాటలో చెప్తే, మనకు తెలిసిన లగ్జరీ తెప్ప అదొక్కటే. దాని మీద ఎక్కేది దేవుడు, మనం కాదు.

ఇప్పుడు కట్టుమరం ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. అక్కడే అసలు తేడా తెలుస్తుంది. బరువు తక్కువ ఉండే మాను దుంగలు మూడో, అయిదో, ఏడో పక్కపక్కన పెట్టి తాళ్ళతో బిగించి కడతారు. మధ్య దుంగ కొంచెం కిందికి, పక్కవి కొంచెం పైకి. ముందు కొస పైకి వంగి ఉంటుంది. ఇందులో నీళ్ళు నిండవు, ఎందుకంటే నిండడానికి లోపల అనేదే లేదు. కెరటం వస్తే దుంగల సందుల్లో నుంచి దిగిపోతుంది. అందుకే అది మునగదు. తిరగబడినా మనిషి మళ్ళీ సరిచేసి ఎక్కుతాడు. వేట అయి ఒడ్డుకు వచ్చాక తాళ్ళు విప్పి దుంగలు విడదీసి ఎండబెడతారు. లేకపోతే నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి. పొద్దున మళ్ళీ కట్టడమే. కట్టుమరం అన్న పేరులో కట్టు ఊరికే రాలేదు. రోజూ చేసే పని అది.

కోరమాండల్ తీరంలో సహజమైన రేవులు తక్కువ. ఒడ్డు దగ్గరే కెరటాలు ఎత్తుగా విరుగుతాయి. చెన్నపట్నానికి హార్బరు కట్టకముందు ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడేవి. ఆ కెరటాలు దాటి ఓడ దాకా ఉత్తరాలు మోసింది కట్టుమరం మనుషులే. తాటాకుతో అల్లిన టోపీలో ఉత్తరాలు పెట్టుకుని, ఒళ్ళంతా తడిసినా ఉత్తరం తడవకుండా అందించేవాళ్ళు. తెల్లవాళ్ళు ఈ పేరును గుర్తు పెట్టుకున్నది ఇందుకే. వాళ్ళ పడవలు పోలేని చోటికి ఇది పోయింది.

ఇక ఆ వీడియోలోని పడవ సంగతి. రెండు దొప్పలను దూరంగా పెట్టి అడ్డ దూలాలతో కలిపే పద్ధతి మన తీరం నుంచి వెళ్ళింది కాదు. అది పసిఫిక్ మహాసముద్రపు దీవులవాళ్ళ విద్య. పాలినేషియన్లు జంట పడవల్లో కుటుంబాలను, కోళ్ళను, విత్తనాలను, మొక్కలను పెట్టుకుని వేల మైళ్ళు దాటి కొత్త దీవుల్లో ఊళ్ళు కట్టుకున్నారు. ఆ విద్య కట్టుకథ కాదని చూపించడానికి 1976లో హొకులేయా అనే జంట పడవ హవాయి నుంచి తాహితికి వెళ్ళింది. దిక్సూచి లేదు. మైక్రోనేసియాలోని సతవల్ దీవికి చెందిన మావు పియాయిలుగ్ నక్షత్రాలను, అలల తీరును చూసి దారి చెప్పాడు. నెల దాటిన ప్రయాణం అది.

అంతకు సరిగ్గా వంద సంవత్సరాల ముందు, 1876లో, నాథనేల్ హెరెషాఫ్ అనే అమెరికన్ అమరిలిస్ అనే జంట పడవ కట్టి న్యూయార్క్ పందెంలో మామూలు పడవలన్నిటినీ వెనక్కి నెట్టాడు. గెలిచినవాళ్ళకు బహుమతి రావాలి కదా. దీనికి వచ్చింది నిషేధం. ఇట్లాంటి పడవ పందేలకు పనికిరాదన్నారు. ఆ కాలానికే ఇంగ్లీషువాళ్ళు దుంగల తెప్పకు పెట్టుకున్న పేరును రెండు దొప్పల పడవకు కూడా తగిలించారు. పేరు మన తీరం నుంచి, పడవ పసిఫిక్ నుంచి. రెండూ కలిసింది మూడో వాళ్ళ నోట్లో.

తరువాత 1955లో జేమ్స్ వారమ్ అనే ఇంగ్లీషు యువకుడు పాలినేషియన్ పడవలను చదివి, ఇరవై మూడున్నర అడుగుల చిన్న జంట పడవ తన చేతులతోనే కట్టుకుని, ఇద్దరు స్త్రీలతో కలిసి బయలుదేరి అట్లాంటిక్ దాటాడు. దాని పేరు తంగరోవా. అందులో నిలబడే ఎత్తు కూడా లేదు. అంటే దూర ప్రయాణపు కాటమరాన్ మొదలైంది డబ్బున్నవాళ్ళ సరదాగా కాదు, డబ్బు లేనివాళ్ళ మొండితనంగా. లగ్జరీ తరువాత వచ్చింది. ఇవాళ ఫ్రాన్స్‌లో లగూన్, ఫౌంటైన్ పజో, దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో లెపర్డ్, పోలండ్‌లో సన్‌రీఫ్ ఇవి కట్టే పెద్ద పేర్లు. ఫైబర్‌తో అచ్చులో పోసి కడతారు.

డబ్బున్నవాళ్ళు దీన్నే ఎందుకు కోరుకుంటారు? మామూలు తెరచాప పడవకు అడుగున బరువైన లోహపు రెక్క ఉంటుంది. గాలి తోస్తే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది, ఆ బరువు మళ్ళీ నిలబెడుతుంది. అందులో ఉండేవాళ్ళు రోజుల తరబడి ఒరిగిన ఇంట్లో వండుకుని, ఒరిగిన మంచంలో పడుకోవాలి. కాటమరాన్‌కు ఆ బరువు లేదు. వెడల్పే దాని బలం. సుమారు 42 అడుగుల పొడవున్న పడవకు 25 అడుగుల వెడల్పు ఉంటుంది. అందుకని పెద్దగా ఒరగదు. టేబుల్ మీద పెట్టిన కాఫీ గ్లాసు చాలావరకు అక్కడే ఉంటుంది. లోతు నాలుగు అడుగులు చాలు, కాబట్టి దీవుల పక్కన తక్కువ నీళ్ళలో కూడా లంగరు వేయొచ్చు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే యంత్రం, సోలార్ కరెంటు, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. 1986 నుంచి ఏటా కానరీ దీవుల నుంచి కరీబియన్‌లోని దీవులకు పడవలు గుంపుగా అట్లాంటిక్ దాటుతాయి. దాదాపు 2,700 నాటికల్ మైళ్ళు, అంటే 5,000 కిలోమీటర్లు. రెండు మూడు వారాలు. ఆ గుంపులో ఇప్పుడు కాటమరాన్లు చాలా ఉంటాయి.

వీడియో చెప్పని సంగతులూ ఉన్నాయి. సామాన్లు ఎక్కువ నింపితే దాని వేగం పోతుంది. కెరటాలు రెండు దొప్పల నడుమ గది అడుగున కొడితే ఇల్లంతా దడదడలాడుతుంది. రేవులో ఇద్దరి చోటు ఒక్కటే ఆక్రమిస్తుంది, బాడుగ కూడా ఆ లెక్కనే. అన్నిటికన్నా ముఖ్యం, పెద్ద తుఫానులో ఒకసారి తలకిందులైతే తనంతట తాను లేవదు. అడుగు బరువున్న పడవ లేస్తుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కట్టుమరానికి లోపల అనేదే లేదు. లగ్జరీ కాటమరాన్‌ను కొనేదే లోపల కోసం. ఒకటి నీళ్ళను దారి ఇచ్చి పంపేస్తుంది, ఇంకోటి నీళ్ళు ఒక్క చుక్క రాకుండా మూసుకుంటుంది. ఒకటి పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరేది, ఇంకోటి ఇంటినే సముద్రం మీదికి తీసుకుపోయేది. పోలిక ఉన్నది ఒక్క చోట. రెండూ బరువును నమ్ముకోలేదు, లోతును నమ్ముకోలేదు. వెడల్పునూ తేలికదనాన్నీ నమ్ముకున్నాయి. పోలిక ఉంది, వారసత్వం లేదు.

మన ఇళ్ళవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు. మనకు ఇంటిపేర్లు ఉన్నాయి. చాలా ఇంటిపేర్లు ఎప్పుడూ చూడని ఊళ్ళవి. ఇంటిపేరు ఆంధ్రదేశంలోది, ఇల్లు కరిసల్ నేలలోది. దత్తత పోయిన పిల్లవాడికి ఒక ఇంటి రక్తం, ఇంకో ఇంటి పేరు ఉంటాయి. కాటమరాన్ అట్లాంటి పిల్ల. పసిఫిక్‌లో పుట్టింది, కోరమాండల్ ఇంటిపేరు పెట్టుకుంది, ఫ్రాన్స్‌లో పెరిగి డబ్బు సంపాదించింది. ఆ పిల్ల ఇంటిపేరు చూసి మనం సంతోషపడొచ్చు. కన్నది మేమే అని చెప్పుకుంటే మాత్రం కన్నవాళ్ళకు అన్యాయం. పాలినేషియన్లకు తెల్లవాళ్ళు చేసిన అన్యాయమే, వాళ్ళ విద్యకు ఇంకొకరి పేరు తగిలించడమే, మనం రెండోసారి చేసినట్టు అవుతుంది.

పేర్లు ఇట్లా తిరగడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. కాకినాడ దగ్గర కోరంగి ఒక చిన్న రేవు, ఓడలు కట్టిన ఊరు. అక్కడ ఓడెక్కి బర్మాకు పనికి పోయిన తెలుగువాళ్ళందరినీ అక్కడివాళ్ళు కోరంగీలు అన్నారు. వాళ్ళలో ఎంతోమంది పుట్టింది కోరంగిలో కాదు. అయినా పేరు అతుక్కుపోయింది. పేరు చూసి పుట్టుక చెప్పలేమనడానికి ఇది చాలు.

ఇంకో మాట ఉంది. అది చెప్పడానికే ఇంత రాశాం. ఆ వీడియోలో "మన పూర్వీకులు" అంటే ఎవరు? మా పూర్వీకులు పత్తి వేసినవాళ్ళు, కంబు, చోళం వేసినవాళ్ళు. ఎడ్ల బండ్ల వెంట దక్షిణానికి నడిచి వచ్చామని మా అవ్వలు చెప్పిన కథలు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' నవల కూడా ఇట్లా వచ్చి కరిసల్ నేలను దున్నుకున్న తెలుగువాళ్ళ కథే. అందులో మన కథ మట్టిది, ఉప్పునీళ్ళది కాదు. కట్టుమరం కట్టినవాళ్ళు వేరే. తూత్తుకుడి, కన్యాకుమారి వైపు పరవర్లు, ముక్కువర్లు. విశాఖపట్నం వైపు జాలర్లు, వాడబలిజలు. మన ఊరి నుంచి తూత్తుకుడి బస్సులో కొన్ని గంటల దారి. అయినా మన ఇళ్ళ కథల్లో ఆ మనుషులకు చోటు లేదు. పెళ్ళి పిలుపుల్లో లేదు, పాత ఫోటోల్లో లేదు. ఫ్రాన్స్‌లో అయిదారు కోట్ల పడవ కనబడగానే వాళ్ళు "మన పూర్వీకులు" అయిపోయారు. చేప కావాలి, చేపలవాళ్ళు వద్దు అన్నట్టు ఉంది ఇది.

దీనికి ఎదురుమాట కూడా విన్నాం. దూరదేశంలో పెరిగే పిల్లకు చిన్న గర్వం ఒకటి దొరికితే ఏం పోయింది, అందరూ తమ గొప్పలు చెప్పుకుంటూనే ఉన్నారు కదా అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. డల్లాస్‌లోనో సింగపూర్‌లోనో ఉండే పిల్లలకు తెలుగు అంటే ఏముంది అని బడిలో అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి కావాలి. కానీ ఆ పిల్ల పది నిమిషాలు వెతికితే పాలినేషియా సంగతి తెలిసిపోతుంది. ఆ రోజు పోయేది ఒక్క పడవ గొప్ప కాదు. అవ్వ చెప్పిన వలస కథ, తాత చెప్పిన బావి తవ్విన కథ, అన్నీ వాట్సాప్ మాటల లెక్కలోకి పోతాయి. మన దగ్గర కాగితాలు తక్కువ, నోటిమాట ఎక్కువ. నోటిమాట మీద నమ్మకం పోతే మన పేజీలో మిగిలేది ఏమీ లేదు.

గర్వపడాలంటే నిజమైనవి ఉన్నాయి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళలు తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో బయలుదేరి, 254 రోజుల్లో భూమి చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చారు. 21,600 నాటికల్ మైళ్ళు. ఆ ఆరుగురిలో విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. తారిణి కాటమరాన్ కాదు. ఒకే దొప్ప, అడుగున బరువు, తలకిందులైనా లేచే రకం. దక్షిణ సముద్రాల చలిలో, పెద్ద అలల్లో ఆరుగురూ వంతులు వేసుకుని నడిపారు. సోఫా వీడియో వెయ్యిసార్లు తిరిగిన గ్రూపుల్లో ఈ ఇద్దరి పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో ఎవరికి వాళ్ళు చూసుకోవచ్చు.

కాబట్టి మేము అడిగేది మూడే. ఒకటి, మన పేజీలో మాటల పట్టీలో కట్టుమరం, తెప్ప అని రెండు మాటలు చేర్చుదాం. మూడు భాషల్లో అర్థం, ఎట్లా కడతారు, ఎవరు కట్టారు, ఆ పేరు ఎట్లా ఇంకో పడవకు పోయింది, ఇవన్నీ నాలుగు వాక్యాల్లో. "మనం కనిపెట్టాం" అన్న మాట వద్దు. రెండు, సెలవులకు ఊరికి వచ్చే పిల్లలను ఒక పొద్దున తూత్తుకుడి ఒడ్డుకు తీసుకుపోదాం. విశాఖ వెళ్ళేవాళ్ళు భీమిలి ఒడ్డుకు పోవచ్చు. 2004 సునామీ తరువాత చాలా చోట్ల దుంగలు పోయి ఫైబర్ వచ్చింది. విశాఖలో ఇప్పుడు ఫైబర్ తెప్ప అంటారు. అక్కడ ఉన్న పెద్దవాళ్ళను అన్నా అని పలకరించి, దుంగలు ఎట్లా కట్టేవాళ్ళు, ఏ ముడి వేసేవాళ్ళు అని అడగాలి. రోజూ కట్టి రోజూ విప్పిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఆ ముడి తెలిసినవాళ్ళు పోతే పేరు ఒక్కటే మిగులుతుంది, అదీ ఫ్రాన్స్ పడవ మీద.

మూడు, స్తోమత ఉన్నవాళ్ళు ఏ గ్రీస్‌లోనో, కరీబియన్‌లోనో ఒక వారం కాటమరాన్ బాడుగకు తీసుకుంటే హాయిగా వెళ్ళి రండి. మాకు అసూయ లేదు, ఫోటోలు పెడితే చూస్తాం. అక్కడ ఎవరైనా ఈ పేరు ఎక్కడిది అని అడిగితే పూర్తిగా చెప్పండి. పడవ విద్య పసిఫిక్ దీవులవాళ్ళది, పేరు మా వైపు సముద్రపు మనుషులది, మేము మాత్రం సముద్రానికి దూరంగా పత్తి పండించినవాళ్ళం అని. ఈ మూడూ నిజమే, ఎవరు వెతికి చూసినా నిలబడేవే.